దొంగ వేసేది ముద్రా, వదిలేది జాడా?

సందేహం: దొంగతనం వార్తల్లో ‘నిందితుడి వేలిముద్రలు, పాదముద్రలు సేకరించారు’ అని రాస్తుంటారు. దొంగ బూట్లతో వచ్చినా అవి పాదముద్రలేనా? ‘వేలుముద్ర’, ‘వేలిముద్ర’ – ఏది సరి? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ అనుమానం పాదం దగ్గర మొదలైంది గానీ, నా పేచీ అసలు ‘ముద్ర’తోనే. ముద్ర అంటే కావాలని వేసేది. ముద్రారాక్షసం నాటకంలో కథంతా నడిపేది రాక్షసుడనే పేరున్న మంత్రి ముద్రటుంగరం. (అచ్చుతప్పులకు ఆ పేరు తగిలించుకున్నది మనం!) దస్తావేజు మీద వేసే వేలిముద్రదీ ఆ కులమే, ‘ఇది నాదే’ అని ఒప్పుకుంటూ వేసేది. పాతకాగితాల్లో దీన్నే నిశాని అన్నారు, పారసీ మాట. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం వెనక అరచెయ్యి అద్దించాడు, రేపు ‘సంతకం నాది కాదు’ అనకుండా. అదీ ముద్ర! దొంగల్ని పట్టే పని ఆ తర్వాత వచ్చింది. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టింది 1897లో.

బీరువా పిడి పట్టుకున్న దొంగ ‘ఇది నాదే’ అంటాడా? వాడి వేలిచెమట అక్కడ అంటుకుంటుంది, అంతే. చాలాసార్లు పొడి అద్దితే గాని కంటికి కనిపించదు. దానికి మనకున్న చక్కని మాట జాడ. కన్నడంలో జాడు. జాడ అంటే గుర్తు. ఆ గుర్తు చూపించే దారీ జాడే. దారి చివర మనిషి ఉన్న చోటూ జాడే – ‘వాడి జాడ తెలిసింది’ అంటాం కదా. ఆనవాలు దొరకడం దగ్గర్నుంచి దొంగ దొరకడం దాకా అన్నిటికీ ఒకే మాట.

భాగవతం దశమస్కంధం చూడండి. కృష్ణుడు మాయమయ్యాక గోపికలు అడవిలో అడుగుజాడలు పడతారు. ధ్వజం, పద్మం, వజ్రం, అంకుశం గుర్తులు చూసి ఆయనవేనని తేలుస్తారు. పక్కనే ఎవరో ఆడమనిషి అడుగులు. కొంతదూరం పోయాక ఆమెవి లేవు, ఆయనవి మాత్రం లోతుగా దిగబడ్డాయి. ఎత్తుకున్నాడన్నమాట! ఇంకోచోట మునివేళ్ల గుర్తులే ఉన్నాయి. పూలకోసం నిక్కాడు. అక్కడ వెతుకుతున్నదీ ఒక వెన్నదొంగనే. ఇవాళ క్లూస్ టీమ్ వాళ్లు బురదలో అచ్చుపోసి చూసేదీ ఇలాంటి లక్షణాలే. ఒకే మూసలో వేల జతల బూట్లు తయారవుతాయి. ధ్వజపద్మాలకు బదులు అరిగిన మడమ, గాజుపెంకు కోసిన గాటు ఆ ఒక్క బూటును పట్టిస్తాయి.

కాబట్టి బూటు గుర్తును పాదముద్ర అనడం నాకు నచ్చదు. పాదం బూటులోనే ఉంది, నేలను తాకనే లేదు. బూటుజాడ అనండి, చెప్పుజాడ అనండి. అడుగుజాడ ఎలాగూ ఉంది, దానికి చెప్పున్నా లేకున్నా ఒకటే. వేలిముద్రను మాత్రం ఇప్పుడు కదిలించలేం, కోర్టు కాగితాల్లో పాతుకుపోయింది. ‘వేలిజాడ’ అని నేను రాసుకుంటాను, మిమ్మల్ని బలవంతపెట్టను. ‘ఫుట్‌ప్రింట్స్ లభ్యమయ్యాయి’ అని రాసే విలేకరులను చూశాక పాదముద్ర మీద కూడా కోపం తగ్గుతోంది.

‘వేలుముద్ర’ తప్పు. కాలిమెట్టెను కాలుమెట్టె అంటారా?