మాయ పడేదాకా ఆగకుండా దూడకు ముర్రుపాలు పట్టండి

శంకర్‌పల్లి సోదరికి నమస్కారం. మాయ (ఈనాక గర్భసంచి నుంచి పడే పొర) పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదలకూడదని మీ అత్తగారు పట్టుబడుతున్నారనీ, కిందటి ఈత దూడ పారుడుతో (విరేచనాలతో) చనిపోయిందనీ, ఈసారి ఏం చేయాలనీ అడిగారు.

దయచేసి మాయ కోసం ఆగకండి. తల్లి కడుపులో ఉండగా దూడకు రోగనిరోధక శక్తి దాదాపుగా అందదు. అది ముర్రుపాల ద్వారానే రావాలి, ఆ పాలలోని రక్షక పదార్థాలను పేగులు పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి, 24 గంటలకు దాదాపు ముగిసిపోతుంది. అందుకే ఈనిన గంట, రెండు గంటల్లోపే తాగించాలి. 30 కిలోల దూడకు మొదటి రోజు సుమారు 3 లీటర్లు, విడతలుగా పట్టండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దండి.

అత్తగారితో వాదించకుండా, దూడ చీకితే గర్భసంచి ముడుచుకుని మాయ త్వరగా పడుతుందని చెప్పండి. అది నిజం కూడా. నగరంలోని బంధువులు జున్ను కోసం ఎంత ఆశపడినా, దూడ తాగగా మిగిలినవే పంపండి.

12 గంటలు దాటినా మాయ పడకపోతే లాగవద్దు, బరువులు కట్టవద్దు. పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి పిలిపించండి.