యెజ్డీ ట్యాంకులో తుప్పు: యాసిడ్ పోయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్ మోటారు సైకిలు 12 ఏళ్ళుగా వసారాలో కదలకుండా పడి ఉంది. ఈ మధ్య బాగు చేయిస్తే స్టార్టయింది గాని, రెండు కిలోమీటర్లు పోయేసరికి ఆగిపోతున్నది. కార్బ్యురేటర్ విప్పి చూస్తే జెట్‌లో ఎర్రటి పొడి కనిపించింది. ట్యాంకులోకి టార్చి వేస్తే లోపలంతా తుప్పే. బాత్రూములు కడిగే యాసిడ్ పోసి పది నిమిషాల్లో వదలగొడతానని మెకానిక్ అంటున్నాడు. ట్యాంకు మీద కంపెనీ వేసిన రంగు ఇంకా చెక్కుచెదరలేదు, అది పాడవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: యాసిడ్ మాత్రం పోయనివ్వకండి. బాత్రూములు కడిగేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తుప్పును కరిగించి ఊరుకోదు, దాని కింద మిగిలిన మంచి రేకును కూడా తింటుంది. పైగా ఎంత కడిగినా రేకుల అతుకు సందుల్లో క్లోరైడ్ లవణాలు కొంత మిగిలిపోయి, గాలిలోని తేమను పట్టుకుని కూర్చుంటాయి గనుక, వదిలిందనుకున్న తుప్పు కొద్ది రోజుల్లోనే తిరిగి వస్తుంది. ఈ బండ్లు తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో ఉత్పత్తి 1996లోనే ఆగిపోయింది. అసలు ట్యాంకు ఒకసారి చిల్లులు పడితే అటువంటిది మళ్ళీ దొరకడం కష్టం.

మీకు నేను సూచించేది నిమ్మ ఉప్పు, అంటే కిరాణా కొట్టులో దొరికే సిట్రిక్ ఆమ్లం. చింతపండుతో తోమితే ఇత్తడి బిందె ఎలా తేటపడుతుందో, ఇదీ తుప్పు మీద అలాగే నెమ్మదిగా పనిచేస్తుంది. (చింతపండు రసమే పోయవచ్చు కదా అని ఆ మధ్య ఒకరు అడిగారు, దాని పీచు అతుకుల్లో ఇరుక్కుంటే కార్బ్యురేటర్‌కు తుప్పు కంటే పెద్ద శత్రువు అవుతుంది.)

అయితే నిమ్మ ఉప్పు పోసే ముందు చేయవలసిన పని ఒకటుంది, చాలామంది విఫలమయ్యేది అక్కడే. మీది టూ స్ట్రోక్ బండి కాబట్టి ఇన్నేళ్ళూ పెట్రోల్‌లో నూనె కలిపి పోసి ఉంటారు. పెట్రోలు ఆవిరైపోయాక ఆ నూనె జిగురుగా మారి తుప్పు మీద పొరకట్టి ఉంటుంది, ఆ పొర పోనిదే ఏ ద్రావణమూ తుప్పును తాకలేదు. అందుచేత ట్యాంకును బండి నుంచి దించి, పెట్రోలు ట్యాప్ విప్పి, మిగిలిన పాత పెట్రోలును ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా, డబ్బాలోకి ఒంపండి. ఆ తరువాత వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బునీరు పోసి, నీటి మీద నూనె తెట్టు తేలడం మానేసే వరకు మూడు నాలుగు సార్లు కడగండి. పెచ్చులుగా ఊడే తుప్పు ఉంటే ఈ దశలోనే ఒక సైకిలు చైను ముక్కను గట్టి తీగకు కట్టి లోపల వదిలి, ట్యాంకును బొంతలో చుట్టి అటూ ఇటూ ఊపండి. నట్లు, బోల్టులు వేసేవారు లెక్కపెట్టి వేయాలి. నేను ఒకసారి లెక్క మరిచి, ఒక్క నట్టు కోసం సాయంత్రమంతా ట్యాంకును తలకిందులు చేస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ట్యాప్ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూసి, లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కరిగించి మూతి దాకా నింపండి. సగమే నింపితే, పెట్రోలు తగలక గాలిలోని తేమ చెమ్మగా పట్టి తుప్పెక్కిన పైకప్పు అలాగే మిగిలిపోతుంది. హైడ్రోజన్ వాయువు కొద్దిగా వస్తుంది గనుక మూత బిగించవద్దు, దగ్గరలో మంట ఉండనివ్వవద్దు. మూతి చుట్టూ రంగు మీద వ్యాజలిన్ రాసి ప్లాస్టిక్ కాగితం కప్పితే రంగుకు ఢోకా లేదు. ఒలికిన చుక్కను వెంటనే తుడవండి. ఒక రోజు ఉంచి చూసి, ఇంకా ఎరుపు మిగిలితే కొత్త ద్రావణం పోయండి గాని, పాతదాన్నే వారాల తరబడి వదిలేయకండి.

ద్రావణం ఒంపిన తరువాతి అరగంటలో కంగారు పడకుండా, కానీ ఎక్కడా ఆగకుండా పని చేయాలి. శుభ్రమైన ఇనుము తడిగా గాలికి తగిలితే మీరు చూస్తుండగానే పసుపు రంగుకు తిరుగుతుంది. కాబట్టి ముందే అన్నీ సిద్ధం చేసుకుని, మంచినీళ్ళతో కడిగి, వంట సోడా కలిపిన నీటితో మిగిలిన పులుపును చంపి (అది పొంగుతుంది, మూత పెట్టవద్దు), మళ్ళీ కడిగి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టి ఆరబెట్టండి. లోపల పెట్రోలు వాసన ఏ మాత్రం ఉన్నా డ్రయ్యర్ పెట్టకూడదు. ఎండిన వెంటనే కొంచెం టూ స్ట్రోక్ నూనె పోసి అన్ని మూలలకూ అంటేలా తిప్పండి. మీ బండి ఎలాగూ నూనె కలిసిన పెట్రోలే తాగుతుంది కాబట్టి దాన్ని కడగనక్కరలేదు. అదే బుల్లెట్ వంటి ఫోర్ స్ట్రోక్ బండి అయితే, నడిపే ముందు ఆ నూనెను పెట్రోలుతో కడిగి తీసేయాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, తేమ హద్దు మీరితే నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. అందువల్ల బండిని వారాల తరబడి సగం ట్యాంకుతో నిలపవద్దు.

ప్రశ్న: తుప్పు తీశాక ట్యాంకు అడుగున రెండు సూది బెజ్జాలు బయటపడ్డాయి. లోపల ఎపాక్సీ పూత వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: బెజ్జాలను ముందు లోహంతోనే పూడ్పించండి. పూతను ఆ తరువాత, ఇథనాల్‌కు తట్టుకునే రకమైతేనే, తడీ తుప్పూ నూనే లేని రేకు మీద మాత్రమే వేయించండి. లేకపోతే అది పొరలుగా ఊడి ట్యాప్‌లో అడ్డుపడుతుంది. పూడ్చే పనిని రేడియేటర్లు అతికే అనుభవజ్ఞుడికి అప్పగించి, అతను ట్యాంకును బాగా కడిగి, బెజ్జం దరిదాకా నీళ్ళు నింపాకే మంట పెట్టేలా చూడండి. ఖాళీగా కనిపించే ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరే పేలుతుంది.