కొట్టు కట్టే ముందు నాలుగు ముక్కలు

చిన్న వ్యాపారులు రోజూ రాసుకునే పుస్తకం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో అయిదింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర మాకు కిరాణా కొట్టు ఉంది. చిట్టా, అరువుల పుస్తకం రెండూ రాస్తాను. ఇవి చాలవు, రోజూ డైరీ కూడా రాయమని మా అబ్బాయి పోరుతున్నాడు. లెక్కలన్నీ చిట్టాలో ఉండగా ఇంకా రాసేదేముంటుందండీ?

జవాబు: చిట్టాలో అంకె ఉంటుంది, కారణం ఉండదు. గురువారం అమ్మకం ఆరు వేలు తగ్గిందని అది చెబుతుంది. వాన పడిందా, వీధి మొగలో కాలువ తవ్వారా, కందిపప్పు నిండుకుందా అన్నది చెప్పదు. మూడు నెలలు పోతే మీకూ గుర్తుండదు. డైరీ ఆ కారణం కోసమే. చిట్టాలోని లెక్కలనే మళ్లీ ఇందులోకి ఎక్కించబోయారా, వారం తిరక్కుండానే విసుగొస్తుంది.

కిరాణా కొట్టుకు అన్నిటికన్నా పనికొచ్చేది 'లేదు' జాబితా. గల్లాపెట్టె పక్కన ఒక అట్టముక్క, దారంతో కట్టిన పెన్సిలు ఉంచండి. అడిగిన సరుకు లేదని ఎవరినైనా పంపినప్పుడల్లా దాని పేరు రాసి పక్కన ఒక గీత పెట్టండి. అమ్మిన సరుకు చిట్టాకెక్కుతుంది. వట్టి చేతులతో తిరిగి వెళ్లిన బేరం మాత్రం ఏ పుస్తకంలోనూ కనిపించదు. వారంలో ఒకే సరుకుకు అయిదు గీతలు పడితే తెప్పించడం గురించి ఆలోచించండి. ఆ అయిదూ ఒక్కరివేనా అని కూడా చూసుకోండి. ఒకే ఇంటివారు అయిదుసార్లు అడిగిన రాగిపిండి అయిదిళ్ల గిరాకీ కాదు.

రెండోది గల్లా తేడా. పొద్దున పెట్టిన చిల్లరకు నగదు అమ్మకం, వసూలైన బాకీలు కలిపి, గల్లాలోంచి తీసి ఇచ్చినవి తీసేస్తే రాత్రికి ఉండాల్సిన సొమ్ము వస్తుంది. ఫోన్‌పే, గూగుల్‌పేలలో వచ్చింది ఇందులో కలపకండి. తేడా ఎంతో, అనుమానం దేనిమీదో రాయండి. సరుకు దిగిన రోజుల్లోనే తగ్గుతోందంటే హమాలీ కూలి రాయడం మరిచిపోతున్నారన్నమాట. ఇక్కడో చిక్కుంది. బిల్లు రాయని కొట్లలో చాలామంది రాత్రి గల్లా లెక్కపెట్టి, దాన్నిబట్టే ఆ రోజు అమ్మకం ఇంత అని రాసేస్తారు. అలా చేస్తే తేడా ఎన్నటికీ బయటపడదు. నెలలో ఒక వారమైనా ప్రతి అమ్మకమూ రాయండి. పడిన తేడాను ఇంటి డబ్బుతో పూడ్చి సున్నా మాత్రం చేయొద్దు.

మూడోది, ఆ రోజు తీసుకున్న నిర్ణయం. 'ధర పెరిగేలా ఉందని నూనె 20 పెట్టెలు దింపాను. నెలాఖరుకు చూడాలి' అంటే చాలు. నెలాఖరున దాని కిందే ఎర్ర సిరాతో ఏమైందో రాయండి. ఏడాదికి ఇలాంటివి ముప్ఫై చేరితే, మీ అంచనా ఏ సరుకులో నిలబడుతోందో, ఏ సరుకులో బోల్తా కొడుతోందో తేలిపోతుంది.

పేజీ మీద తేదీతో పాటు పండగ లెక్క కూడా వేయండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. 2023లో అది అక్టోబరు 31న, 2024లో 15న, 2025లో 7న పడింది. తేదీకి తేదీ పోల్చి 'పోయినేడు ఇదే రోజున బెల్లం ఎంత అమ్మాను' అని చూస్తే తప్పుదారి పడతారు. సిరిమానుకు ముందురోజు జరిగే తొలేళ్లను లెక్కకు పెట్టుకుని 'తొలేళ్లకు 9 రోజుల ముందు' అని రాసుకుంటే మరుసటేడు సరుకు ఎప్పుడు దింపాలో ఆ పేజీయే చెబుతుంది. సంక్రాంతికి ఈ బాధ లేదు.

ఒక రోజు పేజీ ఇంతే ఉండాలి: 'మంగళవారం. తొలేళ్లకు 13 రోజులు. సాయంత్రం గంటన్నర వాన. లేదన్నవి: సగ్గుబియ్యం 3, చిన్న అగ్గిపెట్టెల కట్ట 1. గల్లా 120 తక్కువ, ఆటో కిరాయి రాయలేదేమో. పల్లీ నూనె ధర 2 తగ్గించాను, శనివారం చూడాలి.' అయిదు నిమిషాల పని.

ప్రశ్న: శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో టిఫిన్ కొట్టు నడుపుతున్నాం. రాత్రి పదిన్నర దాటాక పుస్తకం పడితే కళ్లు మూతలు పడుతున్నాయి. మూడు రోజులు రాయడం, మానేయడం, ఇదే వరస.

జవాబు: రాత్రి రాయడమే పొరపాటు. పొద్దుటి గిరాకీ తగ్గాక, పదకొండు గంటలప్పుడు, పిండి గిన్నెలు కడగడానికి వేసేలోపు రాయండి. మినప్పప్పు ఎన్ని కిలోలు నానబోశారు, రవ్వ ఎంత కలిపారు, ఎన్నింటికి రుబ్బారు, పిండి ఏ వేళకు అయిపోయింది, ఎంత మిగిలింది, ఈ అయిదూ చాలు. అన్నిటిలోకీ ముఖ్యమైనది అయిపోయిన వేళ. 8:40కి నిండుకున్న పిండి, 10:15కి నిండుకున్న పిండి రెండూ చిట్టాలో 'మిగులు లేదు' అనే కనిపిస్తాయి. మొదటి రోజున మాత్రం గంటన్నర బేరం పోయినట్టు.

అరసవల్లికి ఆదివారాలు జనం ఎక్కువ, మాఘమాసపు ఆదివారాల్లో ఇంకా ఎక్కువ. రథసప్తమి రోజున మామూలు లెక్క పనికిరాదు, దానికి వేరే పేజీ పెట్టండి. వరసగా మూడు ఆదివారాలు తొమ్మిదిలోపే పిండి అయిపోతే కిలో పప్పు పెంచండి, ఒక్కసారిగా రెట్టింపు చేయకండి. రుబ్బిన వేళ ఎందుకంటే, ధనుర్మాసం చలిలో పొంగడానికి రాత్రంతా చాలని పిండి, వైశాఖం వచ్చేసరికి తెల్లవారేలోపే పులిసిపోతుంది. పులుపని ఎవరైనా అంటే, ఆ రోజు ఎన్నింటికి రుబ్బారో వెనక్కి తిప్పి చూసి, మర్నాటి నుంచి ఇంకాస్త ఆలస్యంగా రుబ్బండి. 19 కిలోల సిలిండరు మార్చిన రోజున పేజీ మూలన 'సి' అని రాస్తే, రెండు 'సి'ల మధ్య ఎన్ని రోజులో లెక్క తెలుస్తుంది. రోజులు ఉన్నట్టుండి తగ్గితే బర్నరు, గొట్టం చూపించాలి.

రాయని రోజు పేజీలో 'రాయలేదు' అని వదిలేయండి. గుర్తు తెచ్చుకుని పూరించినవి అంచనాలే. అవి నిజం లెక్కల్లో కలిస్తే మిగతావీ చెడతాయి.

ప్రశ్న: కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు యూనిట్ మాది. ఒక్కోసారి గుండు పప్పు బాగా వస్తుంది, ఒక్కోసారి బద్ద, ముక్కే ఎక్కువ. రోజూ రాస్తున్నా కారణం అంతుపట్టడం లేదు.

జవాబు: మీరు రోజువారీగా రాస్తున్నారు, అందుకే చిక్కడం లేదు. సోమవారం ఆవిరి పట్టిన పిక్కలు మంగళవారం కోతకొస్తాయి, బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) ఆరి బుధవారం పొట్టు తీతకు, గురువారం గ్రేడింగుకు వెళతాయి. తప్పు ఒక పేజీలో, ఫలితం మరో పేజీలో. రోజుకు కాదు, దఫాకు ఒక పేజీ ఇవ్వండి. దఫాకు నంబరు వేసి, అదే నంబరు చీటీ బస్తా నుంచి ట్రే దాకా వెంట నడిపించండి.

పేజీ పైన పిక్కలు ఉద్దానానివా, ఒడిశావా, ఆఫ్రికా దిగుమతివా, ఎప్పుడు కొన్నారు, 80 కిలోల బస్తాలు ఎన్ని అన్నది. అన్ని బస్తాల్లోంచీ తలా కాస్త తీసి కిలో తూచి పిక్కలు లెక్కపెట్టండి. సంఖ్య తక్కువైతే పిక్క పెద్దది. ఆ కిలో కోసి, మంచి పప్పు ఎంత వచ్చిందో తూచి రాసుకుంటే, దఫా చివర రావాల్సింది ఎంతో ముందే తెలుస్తుంది.

తర్వాత ఆవిరి ఒత్తిడి, ఎన్ని నిమిషాలు, ఎన్ని గంటలు చల్లారనిచ్చారు అన్నవి. ఇక్కడే చాలా దఫాలు పాడవుతాయి. ఆవిరి ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది. తక్కువైతే పెంకు మొండికేసి, కత్తి పప్పులోకి దిగుతుంది. ఆర్డరు తొందరలో సరిగా చల్లారకముందే కోతకు పెడితే పప్పు ఇంకా మెత్తగా ఉండి తెగుతుంది. ముసురు పట్టిన రోజైతే అదీ రాయాలి.

అసలు కిటుకు రెండుచోట్ల తూచడం. కోత అయ్యాక ఒక కిలో, పొట్టు తీశాక ఒక కిలో తీసి, గుండు ఎంత, విరిగింది ఎంత అని విడివిడిగా రాయండి. కోత దగ్గరే విరిగితే తప్పు ఆవిరిలోనో, చల్లార్చడంలోనో, కత్తి పదునులోనో ఉంది. కోత దగ్గర బాగుండి పొట్టు దగ్గర విరిగితే బోర్మాలో ఎక్కువ ఆరి పెళుసెక్కిందన్నమాట. తక్కువ ఆరితే పొట్టు ఊడక, చాకుతో గీకేటప్పుడు గాట్లు పడతాయి. అందుకని బోర్మా వేడి, పెట్టిన గంట, తీసిన గంట, ట్రేలు పైకీ కిందకీ మార్చారా లేదా అన్నది తప్పక ఉండాలి. ఒకే బోర్మాలో పై ట్రే, కింది ట్రే ఒకేలా ఆరవు.

చివర లెక్క. ఉదాహరణకు 5 బస్తాలంటే 400 కిలోలు. అందులో 96 కిలోల పప్పు వస్తే 24 శాతం. బస్తాకు 19.2 కిలోలు, అంటే సుమారు 42 పౌండ్లు. దిగుమతి పిక్కల బేరం పౌండ్లలోనే నడుస్తుంది కాబట్టి రెండూ రాయండి. డబ్ల్యూ 320 అంటే పౌండుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు. గ్రేడువారీ తూకం రాస్తే ఏ మూలం పిక్క మీకు గిట్టుతోందో పది దఫాల్లో తేలుతుంది.

కోతకు కిలోల లెక్కన కూలి ఇస్తుంటే చేతి వేగం పెరిగి ముక్క పెరుగుతుంది. దాన్ని పనివారి పేరుతో కాక బల్ల నంబరుతో రాయండి. ఒకే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నా విరుగుతుంటే తప్పు కత్తిది, మనిషిది కాదు.

ప్రశ్న: చీపురుపల్లిలో ఎరువుల దుకాణం. పంటల మీద అరువిస్తాం. నేను రోజూ రాసుకునే పుస్తకం చూపిస్తే కోర్టులో బాకీ నిలుస్తుందా?

జవాబు: ఒక్క దానితో నిలవదు. వ్యాపార క్రమంలో తప్పకుండా రాసే లెక్కల పుస్తకాన్ని కోర్టు పరిశీలిస్తుంది గాని, ఆ రాతే ఆధారంగా ఎవరిమీదా బాకీ మోపదు. 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షన్ మాట ఇది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. జైన్ హవాలా డైరీల కేసులో 1998లో సుప్రీంకోర్టు విడి కాగితాలను లెక్కల పుస్తకంగా ఒప్పుకోలేదు. కాబట్టి కుట్టిన పుస్తకం వాడండి, పేజీ నంబర్లు వేయండి, పేజీ చింపకండి. తప్పు పడితే కింద అక్షరం కనిపించేలా ఒక్క గీతతో కొట్టేయండి. తోడుగా బిల్లు నకలు, రైతు సంతకం ఉండాలి.

సరుకు అమ్మిన బాకీకి మామూలుగా మూడేళ్ల గడువు. అది తీరేలోపే బాకీ ఉన్నానని రాసి సంతకం చేస్తే, ఆ సంతకం తేదీ నుంచి కొత్త గడువు మొదలవుతుంది. ఏటా సంక్రాంతికి లెక్క చూసేటప్పుడే సంతకం తీసుకోండి. గడువు దగ్గర పడితే లాయరును కలవడమే దారి. 'ఫలానా ఆయన ఇచ్చే రకం కాదు' లాంటి మాటలు మాత్రం అరువుల పుస్తకంలో రాయకండి. రేపు కోర్టులో పెట్టాల్సింది ఆ పుస్తకమే.

ప్రశ్న: బొబ్బిలిలో బట్టల కొట్టు. పుస్తకమా, ఫోనా?

జవాబు: పుస్తకం. ఫోన్ తీస్తే ముందు వాట్సాప్ కనిపిస్తుంది. ఆదివారం ఆ వారం పేజీలు ఫోటో తీసి ఇంట్లో మరొకరికి పంపండి, ఫోన్ అంతవరకు పనికొస్తుంది. బీమా ఉంటే అదే రోజు బీరువాలు, గిడ్డంగి ఫోటోలు కూడా తీసి, ఎన్ని కట్టలు ఉన్నాయో రాయండి. నష్టం జరిగిన నాటికి సరుకు ఎంత ఉందన్నదే సర్వేయరు మొదట అడుగుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా పుస్తకాన్ని లైసెన్సు, బీమా కాగితాలతో పాటు జిప్పు ప్లాస్టిక్ కవరులో పెట్టి, గల్లాలో కాక పై అరలో ఉంచండి.