పెన్న గట్టు మీది గులకరాళ్లతో పీఠభూమి లేచిన లెక్క తేలుతుందా? – సమాధానం

తమ్ముడూ, సోమశిల దిగువన నీటికి 12 మీటర్ల ఎత్తులో గులకరాళ్ల పొర చూశానన్నావు. ఆ ఎత్తుని పొర వయసుతో భాగిస్తే దక్కను లేచిన వేగం వస్తుందా అని అడిగావు. రాదు. వచ్చేది పెన్న కిందికి కోసుకుపోయిన వేగం. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు.

ఏరు కోతకు నేల లేవడమే కారణం కానక్కర్లేదు. సముద్రం దిగితే ఏరు కూడా కిందికి కోసుకోవచ్చు; సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది. వానలు మారినా ఏరు ఒకసారి పూడుస్తుంది, ఇంకోసారి తవ్వుతుంది. మన నెల్లూరు వైపు ఈ ప్రభావాలు తీసేయకుండా పీఠభూమి మాట ఎత్తకూడదు.

ముందు పొర అడుగు గీకి చూడు. రాతిబండను నున్నగా కోసి దాని మీద పలచగా గులకరాళ్లు పరుచుకుని ఉంటే నీ లెక్కకు పనికొస్తుంది. అడుగున కూడా మందంగా ఇసుక, మట్టే ఉంటే అది పూడిక మెట్టు, అంటే ఏరు పూడ్చి తర్వాత కోసి వదిలేసిన పాత గట్టు; నీ లెక్కకు పనికిరాదు. ఎత్తు నీటిమట్టం నుంచి కొలవొద్దు, డ్యామ్ గేట్లు ఎత్తితే అది మారిపోతుంది. ఏటి అడుగు రాయి నుంచి కొలువు.

ఒక్క మెట్టు చాలదు. టిబెట్ ఈశాన్య అంచున, లాన్‌ఝౌ దగ్గర పసుపు నదికి వరుసగా ఉన్న మెట్లన్నిటికీ వయసు కట్టారు. నువ్వు చూసిన మెట్టును కూడా ఎగువకు, దిగువకు వెంబడించు. ఒకచోట విల్లులా పైకి వంగితే అక్కడ నేల లేచిందనడానికి గట్టి ఆధారం.

వయసుకు ఇసుక శాంపిల్ తీసేటప్పుడు ఇనుప పైపు గట్టులోకి కొట్టి, నల్లగుడ్డ కప్పి లాగు. రేణువులు చివరిగా ఎండ చూసిన కాలాన్నే ల్యాబ్‌లో కొలుస్తారు.