మెథాంఫెటమిన్ మానేశాక మెదడు ఎంతవరకు కోలుకుంటుంది?

ప్రశ్న: మా తమ్ముడికి 28 ఏళ్లు. నాలుగేళ్లు మెథాంఫెటమిన్ అనే మత్తుమందు వాడి, చికిత్స తీసుకుని, ఐదు నెలల క్రితం మానేశాడు. నిద్ర, తిండి కుదుటపడ్డాయి. కానీ పుస్తకం తెరిస్తే అరగంటైనా అదే పేజీ మీద ఉంటాడు. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న గిటార్ గోడకు ఆనించి ఉంది, ముట్టుకోడు. ఏం చెప్పినా "ఆఁ, చేస్తాను" అంటాడు, లేవడు. దెబ్బతిన్న మెదడు ఇక బాగుపడదని కొందరు, ఏడాదిలో మామూలు మనిషవుతాడని కొందరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా సగమే నిజమండి. మెదడులో ఉత్సాహానికీ, ఇష్టానికీ తోడ్పడే రసాయనం డోపమైన్. నాడీకణం విడుదల చేసిన ఆ డోపమైన్‌ను, దాని పని కాగానే, తిరిగి కణంలోకి లాగేసుకునే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ అంటారు. మెథాంఫెటమిన్ ఆ దారినే లోపలికి చొరబడి, అక్కడ నిల్వ ఉన్న డోపమైన్‌ను ఎదురు దిశలో బయటికి తోడేస్తుంది. కొకైన్ రక్తంలో సుమారు గంటకే సగానికి తగ్గిపోతుంది; మెథాంఫెటమిన్‌కు 10 నుంచి 12 గంటలు పడుతుంది కాబట్టి, ఆ తోడివేత కూడా చాలాసేపు సాగుతుంది. ఏళ్ల తరబడి వాడినవారిలో ఈ ట్రాన్స్‌పోర్టర్లు తగ్గినట్లు, మెదడులోని రసాయన చర్యలను చూపే పెట్ స్కాన్లలో కనిపించింది.

తగ్గినవి మళ్లీ పెరుగుతాయా అన్న విషయాన్ని అమెరికాలో మెదడు పరిశోధకురాలు నోరా వోల్కో బృందం పరిశీలించి 2001లో ప్రచురించింది. మానేసి ఆరు నెలలు నిండని ఐదుగురికి ఒకసారి, వారే 12 నుంచి 17 నెలలు దూరంగా ఉన్న తర్వాత మరోసారి స్కాన్ తీశారు. కాడేట్ అనే భాగంలో 19 శాతం, పుటామెన్ అనే భాగంలో 16 శాతం ట్రాన్స్‌పోర్టర్లు పెరిగాయి. అయితే జ్ఞాపకశక్తికీ, చేతుల చురుకుదనానికీ పెట్టిన పరీక్షల్లో మెరుగుదల ఆ స్థాయిలో కనిపించలేదు. స్కాన్ బాగుపడినంత వేగంగా మనిషి బాగుపడలేదన్నమాట. ఐదుగురే కదా అని మీరు అడగవచ్చు. ఏడాదికి పైగా ఈ డ్రగ్‌కు దూరంగా ఉండి, మళ్లీ స్కాన్‌కు వచ్చేవారు దొరకడమే గగనం. ఈ రంగంలో దీర్ఘకాలిక పరిశోధన నత్తనడక నడవడానికి అదొక కారణం.

ఈ లెక్కన మీ తమ్ముడి ఐదు నెలలు చాలా తక్కువ వ్యవధి. గిటార్ ముట్టుకోకపోవడాన్ని బద్ధకంగా చూడవద్దు. దేనిలోనూ ఇష్టం పుట్టకపోవడం ఈ దశలో తరచుగా కనిపించే లక్షణమే. అది డిప్రెషన్ కూడా కావచ్చు, దానికి వేరే చికిత్స ఉంది కాబట్టి వైద్యుడికి తప్పక చెప్పండి. పేజీ మొత్తం చదవమనకుండా ఒక పేరా చదివి లేవమనండి, రోజూ ఒకే వేళకు.

ఒక మాట అదనంగా. ఇళ్లలో అందరూ మెదడు గురించే అడుగుతారు, గుండెను మరచిపోతారు. మెథాంఫెటమిన్ దీర్ఘకాలం వాడినవారిలో గుండె కండరం బలహీనపడటం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం జరుగుతాయి. మానేసినవారిలో కొందరికి గుండె పనితీరు గణనీయంగా తేరుకుంటుంది, మానకపోతే ఆ అవకాశం సన్నగిల్లుతుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, కాళ్లు వాస్తున్నాయా అని గమనించండి. ఆ లక్షణాలు లేకపోయినా ఒకసారి ఎకో (గుండె స్కాన్) తీయించమని వైద్యుణ్ణి అడగడంలో తప్పులేదు.

ప్రశ్న: వాడినవారి మెదడు చిన్నదైందని చదివాను. వాడకముందే అలా ఉండి ఉండవచ్చు కదా? మానసిక సమస్యలు ఉన్నవారే డ్రగ్ వైపు వెళ్లారేమో! నేను మనస్తత్వశాస్త్రం విద్యార్థిని.

జవాబు: సరైన చోట వేలు పెట్టారు. 2004లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు 22 మంది వాడకందారుల ఎంఆర్ఐలను వాడనివారితో పోల్చి, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ వారిలో 7.8 శాతం చిన్నదిగా ఉందని తేల్చారు. అది ఒక్క క్షణంలో తీసిన ఫొటో వంటిది. అంతకుముందు ఏముందో చెప్పదు. అమెరికా మెదడు శాస్త్రవేత్త కార్ల్ హార్ట్, ఆయన సహచరులు 2012లో ఇలాంటి అధ్యయనాలను తిరగేసి, జ్ఞాపకం, ఆలోచన వంటి పరీక్షల్లో చాలామంది వాడకందారుల మార్కులు వారి వయసుకూ చదువుకూ ఉండవలసిన మామూలు పరిధిలోనే ఉన్నాయని వాదించారు. ఆ హెచ్చరిక అవసరమైనదే, కానీ "హాని లేదు" అని దాన్ని అర్థం చేసుకోకూడదు. మార్కులు పరిధిలో ఉన్నా, ఆ మనిషి తన పూర్వస్థితి నుంచి దిగజారి ఉండవచ్చు.

మీ సందేహానికి గట్టి సమాధానం, ఒకే మనిషిని అతనితోనే పోల్చిన అధ్యయనాల్లో దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో రెబెకా మెకెటిన్ బృందం 278 మందిని మూడేళ్లపాటు అనుసరించి, 2013లో ఫలితాలు ప్రకటించింది. అదే వ్యక్తి వాడిన నెలల్లో, వాడని నెలలతో పోలిస్తే, తనను ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానాలు, లేని మాటలు వినిపించడం వంటి లక్షణాలు తలెత్తే అవకాశం సుమారు ఐదు రెట్లు ఉంది. వాడని నెలల్లో 7 శాతంగా ఉన్న సంభావ్యత, నెలలో 16 రోజులు లేదా అంతకు మించి వాడినప్పుడు 48 శాతానికి చేరింది. పుట్టుకతో వచ్చిన స్వభావం నెల నెలకూ మారదు గనుక, ఈ తేడాను దాని మీదికి నెట్టలేం. అలాగని స్వభావానికి పాత్రే లేదని కాదు. ఒకే మోతాదుకు ఒకరు చెదిరిపోతారు, మరొకరు నిలబడతారు.

ప్రశ్న: మేము దత్తత తీసుకోబోతున్న పాపకు రెండేళ్లు. కన్నతల్లి గర్భంతో ఉన్నప్పుడు మెథాంఫెటమిన్ వాడిందని చెప్పారు. వెనకాడాలా?

జవాబు: ఆ ఒక్క కారణంతో వెనకాడనక్కర్లేదు. 2002లో మొదలై అమెరికాలోని నాలుగు ప్రాంతాల్లోనూ, న్యూజిలాండ్‌లోనూ సాగిన ఐడియల్ అనే అధ్యయనం ఇటువంటి పిల్లలను పుట్టుక నుంచీ అనుసరించింది. వారిలో నెలలకు తగిన బరువు లేకుండా పుట్టినవారు ఎక్కువ. మూడు, ఐదేళ్ల వయసులో ఆందోళన, చిన్న విషయానికే ఉలిక్కిపడి కుమిలిపోవడం కొంత అధికంగా కనిపించాయి. అవి సగటు లెక్కలే, మీ పాప జాతకం కాదు. పెరిగిన ఇల్లు ఒడుదుడుకులతో ఉన్న పిల్లల్లో ప్రవర్తన సమస్యలు ఎక్కువగా ఉన్నాయని కూడా అదే అధ్యయనం తేల్చింది, అది మీ చేతిలో ఉన్న విషయం. పిల్లల వైద్యుడికి ఈ చరిత్ర దాచకుండా చెప్పి, బడిలో చేర్చేముందు ఏకాగ్రతను ఒకసారి పరీక్షించమనండి.