పద్నాలుగేళ్ల అబ్బాయి ఫుటీ కిక్‌ను అంచనా వేయడం ఎలా?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 14 ఏళ్లు, లోకల్ క్లబ్‌లో అండర్-15 ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) ఆడుతున్నాడు. 45 మీటర్లు తన్నుతాడని జట్టులో పేరు. తోటి తల్లిదండ్రులు ‘వీడు ఏఎఫ్ఎల్‌కు వెళ్తాడు’ అంటున్నారు, అంటే దేశంలో ఈ ఆటకు అన్నిటికన్నా పెద్ద లీగ్‌కట. ఒకాయన విడిగా కిక్కింగ్ కోచింగ్ ఇస్తానంటున్నారు, ఫీజు బాగానే ఉంది. నాకు క్రికెట్ తప్ప ఈ ఆట తెలియదు. వాడిలో నిజంగా సత్తా ఉందో లేదో నేనెలా తెలుసుకోవాలి?

జవాబు: ముందు ఆ 45 మీటర్ల సంగతి తేల్చుకోండి. గట్టు మీద నిలబడి చూసేవాళ్లు దూరాన్ని ఎప్పుడూ ఎక్కువే చెబుతారు, బంతి పడ్డాక దొర్లిన దూరాన్నీ కలిపేస్తారు. కొలవడానికి టేపు అక్కర్లేదు. ఓవల్ మధ్యలో గీసే సెంటర్ స్క్వేర్ ఒక్కో వైపు 50 మీటర్లు ఉంటుంది. దాని మూల దగ్గర నిలబెట్టి గీత వెంబడి తన్నమనండి. కాలికి బంతి తగిలిన చోటు నుంచి అది మొదట నేలను తాకిన చోటు వరకే లెక్క. గాలివాటున ఐదు, ఎదురుగాలికి ఐదు. చలికాలపు గాలిలో ఈ రెండింటికీ ఎంత తేడా వస్తుందో చూశాక ‘45’ అన్న మాటను మీరే సవరించుకుంటారు.

కొలిచాక ఆ అంకెకు పెద్దగా విలువ ఇవ్వకండి. కిక్ దూరాన్ని ప్రధానంగా నిర్ణయించేది, బంతిని తాకే క్షణంలో పాదానికున్న వేగం. కాళ్లు సాగి, తొడ కండరం పట్టినకొద్దీ అది పెరుగుతుంది. అండర్-15 జట్టు ఏదైనా చూడండి, మీసాలొచ్చినవాడి పక్కనే గొంతు కూడా మారనివాడు ఉంటాడు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గ్రూపులో ఆడతారు. ఈ రోజు దూరం తన్నేవాడు ముందుగా ఎదిగినవాడే కావచ్చు, పదిహేడో ఏటికి మిగతావాళ్లు వాణ్ని అందుకుంటారు. బంతిని పాదం మీదికి దించే తీరు (డ్రాప్) మాత్రం వయసు వచ్చినంత మాత్రాన రాదు. టాలెంట్ కోచ్‌ల కళ్లు మొదట వెళ్లేది అక్కడికే.

దాన్ని మీరూ చూడొచ్చు. ఫోన్‌ను స్లో మోషన్‌లో పెట్టి, మోకాలి ఎత్తులో, అబ్బాయికి పక్కగా ఐదారు మీటర్ల దూరంలో ఉంచండి. పది డ్రాప్ పంట్‌లు (బంతిని చేత్తో వదిలి, నేలను తాకకముందే తన్నే మామూలు కిక్) తీయండి. తర్వాత ఎదురుగా నిలబడి ఇంకో పది. ఇంటికొచ్చాక ఆపి ఆపి చూడండి.

కుడికాలి వాటం వాడైతే మంచి కిక్ ఇలా కనిపిస్తుంది. రెండు చేతులూ బంతికి చెరోవైపు, వేళ్లు విచ్చుకుని, లేసులు ముందుకు ఉంటాయి. పరుగు లక్ష్యం వైపు తిన్నగా సాగుతుంది, చివరి అడుగు కాస్త పొడవుగా పడుతుంది. ఎడమ చేయి ముందుగా విడిపోయి, ఒళ్లు తూలకుండా పక్కకు లేస్తుంది. కుడి చేయి ఒక్కటే బంతిని కుడి తొడ ముందు నుంచి కిందికి నడిపించి, నడుము దిగువన వదులుతుంది. చేతికీ పాదానికీ మధ్య గాలిలో ఉండే ఆ కొద్దిపాటి దూరంలో బంతి తిరగకూడదు. పై కొన ఆటగాడి వైపు కొంచెం వాలి, అదే కోణంలో పాదం మీదికి రావాలి. తగిలేటప్పుడు కాలివేళ్లు ముందుకు సాగి, చీలమండ బిగిసి ఉండాలి. బూటు లేసులున్న గట్టి భాగం బంతి కింది మూడో వంతును తాకాలి. కాలు ఆ తర్వాత కూడా లక్ష్యం వైపే లేవాలి. ఇవన్నీ కుదిరితే బంతి నిలువుగా, వెనక్కి దొర్లుతూ వెళ్తుంది. పట్టుకునేవాడికి సులువు, గాలికీ తక్కువగా లొంగుతుంది.

తప్పు సాధారణంగా కాలిది అనుకుంటారు, చాలాసార్లు చేతిది. ఛాతీ ఎత్తు నుంచి వదిలితే బంతి గాలిలో ఎక్కువసేపు ఉండి కోణం మారిపోతుంది. చేయి బంతిని ఒంటికి అడ్డంగా తెస్తే కాలు కూడా అడ్డంగా తిరగాల్సివస్తుంది, కిక్ గీత తప్పుతుంది. సాకర్ ఆడి వచ్చిన పిల్లల్లో ఇది ఎక్కువ, పక్కనుంచి కాలు తిప్పడం వాళ్లకు అలవాటైపోయి ఉంటుంది. చీలమండ వదులుగా ఉంటే చప్పుడే వేరుగా వస్తుంది, బంతి ఊగుతూ పోయి ముందే పడిపోతుంది. వెనక్కి వాలి తన్నేవాడి బంతి ఎత్తుకు లేస్తుంది తప్ప దూరం రాదు. బంతి సైజు కూడా చూసుకోండి. మగవాళ్ల సీనియర్ ఆటలో వాడేది సైజు 5. చిన్న బంతి నుంచి దానికి మారిన కొత్తలో చేతులు చిన్నవైన పిల్లల డ్రాప్ చెదరడం మామూలే, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి.

ఇరవై కిక్‌ల వీడియోలో ఒకే తప్పు ఇరవైసార్లు కనిపిస్తే బెంగ అక్కర్లేదు, దిద్దితే పోతుంది. ఒక్కోసారి ఒక్కో తప్పు కనిపిస్తేనే ఆలోచించాలి. డ్రాప్ ఇంకా కుదురుకోలేదన్నమాట. అలాగని పుస్తకంలో లేని ప్రతి కదలికనూ తప్పనకండి. ఏఎఫ్ఎల్ స్టార్ లాన్స్ ఫ్రాంక్లిన్ ఎడమకాలితో గోల్‌కు తన్నేముందు విల్లులా వంపు తిరిగి పరుగెత్తేవాడు. అలాగే 2022లో వెయ్యో ఏఎఫ్ఎల్ గోల్ కొట్టాడు. బంతి పాదానికి తగిలే క్షణంలో అన్నీ ఒకేలా కుదిరితే అంతకుముందు వంపు ఉన్నా ఫర్వాలేదు.

ఇంతవరకూ చూసింది ఖాళీ మైదానంలో ఆటే. మ్యాచ్‌లో అది నిలుస్తుందా అన్నది అసలు సంగతి. 25 మీటర్ల దూరంలో మీరో, వాడి స్నేహితుడో నిలబడండి. పది కిక్‌లు. పట్టుకునేవాడు ఒక్క అడుగుకు మించి కదలకుండా ఛాతీ ఎత్తులో అందుకున్నవే లెక్క. తర్వాత అదే పది, ప్రతిదానికీ ముందు 30 మీటర్లు గట్టిగా పరుగెత్తించి, నేల మీది బంతిని వంగి తీయించి. మూడోసారి ఇద్దర్ని చెరోవైపు నిలబెట్టి, ఎవరికి తన్నాలో బంతి అందుకున్నాకే అరిచి చెప్పండి. తీరిగ్గా ఎనిమిది కుదిరి, అలిసినప్పుడు ఆరు, మూడోసారి కూడా ఆరు వస్తే ఈ వయసుకు అది మంచి కాలే అని మా అంచనా. ఎనిమిది నుంచి మూడుకు పడిపోతే డ్రాప్ ఇంకా పక్కా కాలేదు. ఏఎఫ్ఎల్ గణాంకాలు కూడా కిక్‌ను ఇలాగే చూస్తాయి. 40 మీటర్లలోపు కిక్ ఉద్దేశించిన ఆటగాడికి చిక్కితేనే పనికొచ్చినట్టు. అంతకు మించిన దూరమైతే కనీసం రెండు జట్లకూ సమాన అవకాశం ఉన్న పోటీకైనా చేరాలి.

రెండో కాలిని మర్చిపోవద్దు. 15 నుంచి 20 మీటర్లు చాలు, అందం అక్కర్లేదు. ఒక్క కాలే ఉన్నవాణ్ని ఎదుటివాడు ఆ వైపునుంచే మూసేస్తాడు. ఏఎఫ్ఎల్ క్లబ్ హాథార్న్ తరఫున ఆడిన శామ్ మిచెల్ మెరుపు వేగం ఉన్నవాడు కాదు, కానీ రెండు కాళ్లతోనూ సమానంగా తన్నేవాడు. మొదటి డ్రాఫ్ట్‌లో (ఏఎఫ్ఎల్ క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) అతణ్ని ఎవరూ తీసుకోలేదు. 2001లో 36వ ఎంపికగా వెళ్లి, 2008లో కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్ (ఏఎఫ్ఎల్ టైటిల్) అందుకున్నాడు.

ఇక ఎదుగుదల అవకాశం. ఇవాళ్టి స్కోరు కంటే నేర్చుకునే వేగం దీన్ని బాగా చెబుతుంది. ఒకే ఒక్క దిద్దుబాటు ఇవ్వండి, ‘బంతిని ఇంకాస్త కిందనుంచి వదులు’ అన్నంతే. రెండు వారాల తర్వాత మళ్లీ వీడియో తీయండి. తీరిగ్గా తన్నేటప్పుడు మారి, అలిసినప్పుడు పాత అలవాటే వస్తే అది సహజం. తీరిగ్గా ఉన్నప్పుడు కూడా మారకపోతే, వాడికి విషయం అర్థం కాలేదా, ఆసక్తి లేదా అని కనుక్కోండి. అమెరికా బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన మేసన్ కాక్స్ పెద్దయ్యాక కిక్ నేర్చుకుని 2023లో కాలింగ్‌వుడ్ క్లబ్‌తో ప్రీమియర్‌షిప్ గెలిచాడు. ఆయన ఎత్తు రెండు మీటర్ల పైమాటే, ఆ వెసులుబాటు అందరికీ ఉండదు. మామూలు ఎత్తున్న మిడ్‌ఫీల్డర్‌కు కిక్కే బతుకుతెరువు.

దారి విషయానికొస్తే, మీ ప్రాంతం పిల్లలు వెళ్లేది వెస్టర్న్ జెట్స్‌కు. అండర్-18 టాలెంట్ లీగ్‌లో ఆడే ప్రాంతీయ జట్టు అది. వాళ్లు చిన్న వయసు స్క్వాడ్‌లకు లోకల్ క్లబ్‌ల నుంచి పిల్లల్ని పిలుస్తారు, కాబట్టి క్లబ్ కోచ్‌తో మాట చెడగొట్టుకోకండి. ఏఎఫ్ఎల్ క్లబ్బులు నడిపే నెక్స్ట్ జనరేషన్ అకాడమీల గురించి కూడా అడగండి. స్థానిక ఆదివాసీ కుటుంబాల పిల్లలతో పాటు వలస కుటుంబాల పిల్లల కోసమూ పెట్టినవి అవి. అర్హతకు తల్లిదండ్రులు పుట్టిన దేశం, మీరుండే ప్రాంతం చూస్తారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఈ ఏటి వివరాలు అకాడమీ నుంచే రాతపూర్వకంగా తీసుకోండి. డ్రాఫ్ట్‌కు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 18 నిండాలి. అంతకుముందు జరిగే కంబైన్ అనే శారీరక పరీక్షల్లో 20 మీటర్ల పరుగు, ఎగిరే ఎత్తు, 2 కిలోమీటర్ల పరుగు లాంటివి కొలుస్తారు. నేషనల్ డ్రాఫ్ట్‌లో దేశం మొత్తం మీద ఏటా ఎంపికయ్యేవాళ్లు వందలోపే. డ్రాఫ్ట్ ఏడాది, పన్నెండో తరగతి చాలామందికి ఒకేసారి వస్తాయి. అందుకని ఆట కోసం ఇప్పుడే బడి మార్చొద్దు, లెక్కల సబ్జెక్టును తేలిక చేయించొద్దు.

విడి కోచింగ్ గురించి. ఇప్పుడు చేరొద్దు. వారానికి మూడు రోజులు, రోజుకు 40 నుంచి 50 కిక్‌లు, అందులో మూడో వంతు రెండో కాలితో తన్నిస్తే ఈ వయసుకు సరిపోతుంది. నెలకోసారి పై పరీక్ష పెట్టి రాసుకోండి. మూడు నెలలైనా ఒకే తప్పు కదలకపోతే, అప్పుడు నాలుగైదు సెషన్లకు డబ్బు పెట్టొచ్చు. ఒప్పుకునే ముందు ఆయన్ని రెండు అడగండి: మొదటి రోజే వీడియో తీస్తారా, ఒకసారికి ఎన్ని తప్పులు దిద్దుతారు? ‘ఒకటి’ అని చెప్పేవారైతే చేర్చండి. ‘దూరం పది మీటర్లు పెంచుతా’ అంటే మర్యాదగా తప్పుకోండి.

ఇంకొకటి. మోకాటి చిప్ప కింద ఎముక ఉబ్బినట్టై నొప్పి అంటే ఆలస్యం చేయకండి. ఎత్తు పెరిగే వయసులో పరుగులు, కిక్‌లు ఎక్కువైతే ఇది వస్తుంది. కిక్‌ల సంఖ్య సగానికి తగ్గించి ఫిజియోకు చూపించండి, ఆ వారాల్లో పరీక్ష స్కోర్లు లెక్కలోకి తీసుకోకండి.