పడమటి గోడ పక్క మడిని తూర్పుకు మార్చాలంటే

అన్నా, అనంతపురం ఎండల్లో ఇంటి పడమటి గోడకు ఆనించి ఇటుకలతో కట్టిన 8×4 అడుగుల మడిలో మిరప, టమాటా సాయంత్రానికల్లా వాలిపోతున్నాయన్నారు. నీళ్లు తక్కువై కాదు. సాయంత్రం ఎండ నేరుగా కొడుతుంది, పైగా కాగిన గోడ పొద్దుపోయాక కూడా సెగ కక్కుతుంది. తూర్పు వైపుకు మార్చండి, మధ్యాహ్నం దాకా ఎండ చాలు.

అడుగు ఎత్తు మడిలో మట్టి 32 ఘనపుటడుగులు, దాదాపు టన్ను. అందుకే మూడు రోజుల ముందే నీళ్లు ఆపితే మోత తగ్గుతుంది. పై నాలుగంగుళాల మట్టి విడిగా పోసుకోండి, సారమంతా అందులోనే, చివర్లో మళ్లీ పైకే రావాలి.

ముఖ్యమైన పని కొత్త చోట అడుగున ఉంది. మన ఎర్రనేల గట్టిపడి ఉంటుంది. గడ్డపారతో అడుగు లోతు పెళ్లగించకపోతే వానకు నీళ్లు దిగక వేరు కుళ్లుతుంది. ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చండి. మాగిన పశువుల ఎరువు నాలుగో వంతు కలపండి. మట్టి రెండంగుళాలు కుంగుతుంది, నిండుగా పోయండి.

మిరపను మూడో వంతు కత్తిరించి, వేరు చుట్టూ మట్టిగడ్డ విడిపోకుండా సాయంత్రం పూట నాటి, వారం రోజులు గ్రీన్ నెట్ కట్టండి. కాపు మీదున్న టమాటాను కదిలించొద్దు, పూత పిందె రాలుస్తుంది. కొత్త నారు పోసుకోండి.